పలాస నుంచి హిజ్లీ దాకా

మా శ్రీకాకుళం వైపు పిల్లకి పెద్ద కాలేజీలో సీటొచ్చిందంటే చుట్టాలంతా ఒకటే మాటంటారు: “ఇంకేటి, ఒడ్డెక్కీసినట్టే.” మా అక్క కూతురికి ఐఐటీ ఖరగ్‌పూర్‌లో సీటొచ్చాక ఆ మాట విని విని నా చెవులు దిమ్మెక్కాయి. నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను. ఒడ్డెక్కేశామనుకుని వచ్చిన పిల్లలు మొదటి నెల తిరక్కుండానే బిక్కమొహాలు వెయ్యడం ఏటేటా చూస్తూనే ఉంటాను. అక్క తన అత్తగారి అనారోగ్యం వల్ల కదల్లేని పరిస్థితి. “నువ్వెళ్ళవే తోడు, మీ బావకి కాగితాలంటే భయం” అంది. సెలవు పెట్టి బయల్దేరాను.

బావది కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం. పిల్లకి వచ్చిన సీటు వ్యవసాయ, ఆహార ఇంజినీరింగ్‌లో. ఐఐటీ అనగానే వెలిగిన మొహాలు ఆ బ్రాంచి పేరు వినగానే మాడిపోయేవి. “దుక్కి దున్నడానికి అంత దూరమెందుకే?” అని అడిగిన పెద్దాయన రెండెకరాల రైతు. ఆయనకే వ్యవసాయమంటే అంత చులకనైతే ఇక ఎవర్నేమనాలి? కంప్యూటర్ సైన్సు వస్తే జీవితం, రాకపోతే గండం అన్నది మన రెండు రాష్ట్రాల్లో పాలతో పాటు పట్టే నమ్మకం. ఖరగ్‌పూర్ మొదలైన తొలి ఏళ్ళలోనే, 1952లో, అక్కడ వ్యవసాయ ఇంజినీరింగ్ విభాగం పెట్టారని, నేల, నీళ్ళు, యంత్రాలు, ధాన్యం నిల్వ, ఆహార పదార్థాల తయారీ అన్నీ అందులోనివేనని నేను చెప్పబోతే వినే ఓపిక ఎవరికీ లేదు.

అర్ధరాత్రి దాటాక పలాసలో ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. బావ సామాను చూస్తే అక్కడ కాపురం పెట్టేలా ఉన్నాడు. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, ప్లాస్టిక్ బకెట్టు, మగ్గు, ఆవకాయ, బెల్లం ఉండలు, ఆపైన ఎవరికివ్వాలో తెలియని జీడిపప్పు పొట్లాలు. ఎదురు బెర్తులో ఏలూరు కుర్రాడొకడు అదే కాలేజీలో ఆఖరి ఏడు చదువుతున్నాడట. బకెట్టు చూసి నవ్వాపుకోలేకపోయాడు. “అంకుల్, అక్కడా మనుషులే స్నానం చేస్తారు. గేటు బయటే అమ్ముతారు.” బావ కూడా నవ్వేశాడుగానీ, బకెట్టు మీంచి మాత్రం చెయ్యి తియ్యలేదు.

నిద్ర పట్టేలా లేదు కాబట్టి మాటలు మొదలయ్యాయి. పక్క బేలో విశాఖపట్నం నుంచి కొడుకుని దింపడానికి వస్తున్న ఒకాయన మా పిల్ల ర్యాంకు అడిగి, పెదవి విరిచి, “ఆడపిల్లలకి ఇప్పుడు సులువైపోయిందిలెండి, మా అబ్బాయిలాంటి వాళ్ళ సీట్లు వాళ్ళకి పోతున్నాయి” అన్నాడు. ఈ అపోహ నాకు బాగా పరిచయం, అందుకే ఊరుకోలేదు. 2018 నుంచి ఐఐటీల్లో అమ్మాయిలకి అదనపు సీట్లు పెట్టారు. అబ్బాయిలకి వెళ్ళే సీట్లేమీ కోయకుండా కొత్తగా కలిపినవి అవి. అయిదింట ఒక వంతైనా అమ్మాయిలుండాలన్నది లక్ష్యం. జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కకుండా ఆ సీటూ రాదు. ఆయన విన్నాడు, ఒప్పుకోలేదు. పిల్ల మాత్రం దుప్పటి ముసుగు తీసి నావైపు ఒకసారి చూసి, మళ్ళీ కప్పుకుంది. ఈ మాట క్లాసులో కూడా ఎవడో ఒకడు అంటాడు. అప్పుడు పక్కన పిన్ని ఉండదు.

ర్యాగింగ్ సంగతి బావ గొంతు తగ్గించి అడిగాడు. అక్క ఆ భయంతోనే వారం నుంచి అన్నం సరిగా తినలేదని చెప్పాడు. కుర్రాడు కాసేపు ఆలోచించి చెప్పిన జవాబు ఈ ప్రయాణంలో నేను విన్న మాటలన్నిట్లో విలువైంది.

“ఉండదని అబద్ధం చెప్పను అంకుల్. ఎవరైనా హద్దు దాటితే ఫిర్యాదు చెయ్యడానికి దారులున్నాయి, అవి పనిచేస్తాయి. కానీ నన్ను దెబ్బకొట్టింది ర్యాగింగు కాదు. పొద్దున్నే లేవడం.”

బావకి అర్థం కాలేదు. నాకు అయింది.

ఆ అబ్బాయి ఇంటర్ చదివిన చోట తెల్లారకముందే వార్డెను తలుపు కొట్టేవాడట. ఏ గంటకి ఏ పుస్తకం తియ్యాలో కాగితం మీద ఉండేది. వారం వారం పరీక్ష, సాయంత్రానికి గోడ మీద ర్యాంకులు. ఫోను లేదు. ఆదివారం అరపూట ఇంటివాళ్ళు. అలా రెండేళ్ళు గడిపినవాణ్ణి ఖరగ్‌పూర్‌లో దింపితే అక్కడ తలుపు కొట్టేవాడు లేడు. ఎనిమిదింటి క్లాసుకి వెళ్ళకపోతే ఆ రోజుకి అడిగేవాడు లేడు. “మొదటి నెల స్వర్గం ఆంటీ. మిడ్ సెమ్ పరీక్షదాకా వెనకబడ్డానన్న సంగతే తెలీదు నాకు. తెలిసేసరికి సగం సెమిస్టర్ అయిపోయింది.”

మా పిల్లదీ అదే బాపతు చదువు. విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటరు. “ఈ రెండేళ్ళు కష్టపడు, జీవితాంతం సుఖపడు” అని అక్కడి లెక్చరర్లు చెప్పేవారట. అక్కా బావా కూడా అదే చెప్పారు. చెప్పకపోతే ఆ పిల్ల ఆ రెండేళ్ళు ఎలా తట్టుకునేదో అన్నది నిజమే. కానీ పద్దెనిమిదేళ్ళ మనిషికి ఎప్పుడు పడుకోవాలో, ఏ పాఠం ముందు చదవాలో, అర్థం కానప్పుడు ఎవరి తలుపు తట్టాలో సొంతంగా ఒక్కసారైనా నిర్ణయించుకునే అవకాశం ఇవ్వకుండా, సుఖం మొదలవుతుందని చెప్పి రైలెక్కిస్తున్నాం. కాలేజీ గురించి పిల్లల్లో అపోహలున్నాయని వ్యాసాలు రాస్తుంటారు. ఆ అపోహల్లో ముప్పాతిక వంతు మనం నూరిపోసినవే. మా కాలేజీకొచ్చే పిల్లల్లోనూ ఫెయిలయ్యేవాళ్ళు తెలివి తక్కువవాళ్ళని నాకెప్పుడూ అనిపించలేదు. ఎక్కువమంది గంట కొట్టేవాడి కోసం ఎదురుచూస్తూ ఉండిపోయినవాళ్ళే.

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. బెర్హంపూర్ వచ్చేసరికి ఇంకా చీకటే. వి.వి.గిరి పుట్టిన ఊరని పిల్లకి చెప్పాను. మన ఊళ్ళలో పాతవాళ్ళు ఇప్పటికీ దీన్ని బరంపురం అనే అంటారు. తెల్లవారుతుండగా కిటికీలోకి చిలికా వచ్చింది. కుర్రాడు, బావ, పిల్ల ముగ్గురూ కిటికీ దగ్గర ఇరుక్కున్నారు. ఎంతసేపు చూసినా నీళ్ళు అయిపోవు. చేపల పడవలు, దూరంగా కొండలు. టీ వచ్చింది.

ఆ టీ తాగుతూనే బావ తన లెక్కల కాగితం తీశాడు. ప్రభుత్వ కాలేజీ కదా, చదువు ఉచితమేనని ఊళ్ళో చాలామంది ఆయనతో అన్నారు. 2016లో ఐఐటీల్లో బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 90 వేల నుంచి 2 లక్షలకి పెంచారు. ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకి, లక్ష లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకి ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ. లక్ష నుంచి 5 లక్షల దాకా ఆదాయమున్నవాళ్ళకి మూడింట రెండు వంతులు మాఫీ. మాఫీ ట్యూషన్‌కే. హాస్టలు, భోజనం ఖర్చులు వేరే. బావ ఆదాయ ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి సంపాదించాడు కాబట్టి సరిపోయింది. ఉచితమన్న మాట నమ్మి పత్రం లేకుండా వచ్చేవాళ్ళు ఆ కంగారులో పిల్లని సరిగా సాగనంపలేరు కూడా.

భువనేశ్వర్, కటక్, మహానది వంతెన, భద్రక్, బాలాసోర్. ఈ దారిలో చెప్పుకోదగ్గది ఎండ, పల్లీలు. కుర్రాడు గ్రేడింగ్ గురించి పిల్లకి చెప్తుంటే నేను విన్నాను. నూటికి ఎన్నొచ్చాయన్నది కాదు, క్లాసులో మిగతావాళ్ళతో పోలిస్తే నువ్వెక్కడున్నావన్నది చూస్తారట. పేపరు కష్టంగా ఉంటే నూటికి యాభై వచ్చినా మంచి గ్రేడు రావచ్చు. తేలికైన పేపర్లో ఎనభైకీ మామూలు గ్రేడే. తొంభై ఎనిమిది వస్తే ఆ రెండూ ఎక్కడ పోయాయని ఏడిచే పిల్లకి ఇది కొత్త లోకం. “నేను క్లాసులో ఎప్పుడూ మొదటి మూడులో ఉన్నా” అంది మెల్లగా.

“ఇక్కడ అందరూ అంతేనమ్మా” అన్నాడు కుర్రాడు. “మొదటి పరీక్ష తర్వాత అందులో సగం మంది సగం కింద ఉంటారు కదా. లెక్క అంతే.”

దాని మొహంలో రంగు మారింది. కానీ ఆ మాట దానికి వార్డెను చెప్పలేదు, మేం చెప్పలేదు. చెప్పాల్సిన మాట. మంచి కాలేజీలో చేరితే తెలివితేటలు తగ్గవు, పక్కవాళ్ళు మారతారు. ఈ తేడా తెలియక, నాలో ఏదో పాడైపోయింది అనుకుని గదిలో తలుపేసుకునే పిల్లలున్నారు. క్యాంపస్‌లో కౌన్సెలింగ్ కేంద్రం ఉంటుంది, అక్కడికెళ్ళడం జ్వరానికి డాక్టరు దగ్గరికెళ్ళడంలాంటిదే అని కుర్రాడు అంటే, బావ చటుక్కున “మా గుంటకి అలాటివేటీ లేవు బాబూ” అన్నాడు. నేను ఆయన కాలు తొక్కాను.

ఖరగ్‌పూర్‌లో దిగాం. ప్లాట్‌ఫాం పొడవు 1,072 మీటర్ల పైచిలుకు. ప్రపంచంలోకెల్లా పొడవైందన్న పేరు 2013లో గోరఖ్‌పూర్‌కి, తర్వాత 2023లో హుబ్బళ్ళికి పోయింది. పరుపుచుట్టతో నడిచినవాళ్ళకి ఆ మార్పులతో పనిలేదు, ఇది ఇప్పటికీ చాలా పొడవే.

అక్కకున్న రెండో పెద్ద దిగులు భాష. బెంగాలులో పిల్ల ఎవరితో మాట్లాడుతుంది? స్టేషను బయట ఆటో దగ్గర బావ చేతులు తిప్పుతూ వచ్చీరాని హిందీలో బేరం మొదలుపెట్టాడు. ఆటో పెద్దాయన కాసేపు విని, “ఏ ఊరు మీది?” అన్నాడు తెలుగులో. బావ నోరు తెరిచాడు. “మా తాత టెక్కలి నుంచొచ్చినాడు, రైల్వే వర్కుషాపులోకి” అన్నాడాయన. అతని తెలుగులో మన యాసా ఉంది, మధ్యమధ్య హిందీ, బెంగాలీ మాటలూ ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ పెద్ద వర్కుషాపు కట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపుల నుంచి కుటుంబాలకి కుటుంబాలే వచ్చి స్థిరపడ్డాయి. ఈ రైల్వే కార్మికుల సంఘానికి నాయకత్వం వహించినవాడు, 1928 సమ్మె నడిపినవాడు పొద్దున్న బరంపురంలో చెప్పుకున్న ఆ గిరిగారే. తర్వాత రాష్ట్రపతి అయ్యారు. ఊళ్ళో తెలుగు బడి ఉందని, గుళ్ళున్నాయని ఆటో పెద్దాయన చెప్తుంటే, బావ జీడిపప్పు పొట్లాల్లో ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాడు.

క్యాంపస్ రెండువేల ఎకరాల పైమాటే. చెట్లు, సైకిళ్ళు, మళ్ళీ చెట్లు. హాస్టలుని ఇక్కడ హాల్ అంటారు. సామాను అమ్మాయిల హాల్ దగ్గర దింపి, రిజిస్ట్రేషన్ వరసలో నిలబడ్డాం. ర్యాగింగ్ చెయ్యనని పిల్ల, చెయ్యనివ్వనని తల్లిదండ్రులు ప్రమాణపత్రాలు ఇవ్వాలి. 2009లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం దేశమంతటా ఇది ఉంది. బావ సంతకం పెట్టేముందు ప్రతి వాక్యం నాచేత చదివించుకున్నాడు. అప్పటిదాకా ర్యాగింగంటే తన కూతురికి ఎవరో చేసేదనుకున్నాడు. వచ్చే ఏడు తన కూతురు కూడా సీనియరవుతుందని ఆ కాగితం చదివాకే తట్టింది.

వరసలో మా ముందు జార్ఖండ్ అమ్మాయి. మా పిల్ల ఇంగ్లీషు గురించి పడ్డ బెంగ ఇంతా అంతా కాదు. నగరాల పిల్లలంతా గడగడ మాట్లాడేస్తారని, తను నోరు తెరిస్తే నవ్వుతారని. ఆ అమ్మాయి ఇంగ్లీషూ ముక్కలు ముక్కలుగానే ఉంది. ఇద్దరూ హిందీ సినిమా హిందీ, బడి ఇంగ్లీషు కలిపి పావుగంటలో ఫోను నంబర్లు మార్చుకున్నారు. ఫారం మీద ఎన్‌సీసీ, ఎన్ఎస్ఎస్, ఆటలు వీటిలో ఒకటి ఎంచుకోవాల్సిన గడి ఉంది. “ఏం పెట్టాలి పిన్నీ?” అంది పిల్ల అలవాటుగా. నేను చెట్ల వైపు తిరిగి నిలబడ్డాను. కాసేపు పెన్ను కొరుక్కుని, ఏదో రాసింది. ఏం రాసిందో అడగలేదు.

సాయంత్రం హిజ్లీ భవనం చూశాం. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం స్వాతంత్ర్య పోరాటంలో ఉన్నవాళ్ళని విచారణ లేకుండా బంధించడానికి ఇక్కడ నిర్బంధ శిబిరం పెట్టింది. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీల మీద పోలీసులు కాల్పులు జరిపితే సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. వాళ్ళ మృతదేహాల కోసం సుభాష్ చంద్రబోస్ స్వయంగా వచ్చాడు. రవీంద్రనాథ్ ఠాగూర్ తీవ్రంగా నిరసించారు. 1951లో దేశంలో మొట్టమొదటి ఐఐటీ ఈ భవనంలోనే 224 మంది విద్యార్థులతో మొదలైంది. ఇప్పుడు అందులో నెహ్రూ పేరు మీద సైన్సు మ్యూజియం ఉంది. పిల్ల గోడల్ని, ఊచల్ని చాలాసేపు చూసి, “మా ఇంటర్ కాలేజీ కన్నా కిటికీలు పెద్దవే” అంది. బావ నవ్వలేదు. ఆ రెండేళ్ళకి కట్టిన ఫీజు ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది.

మర్నాడు పొద్దున్న ఆమె విభాగం భవనం వైపు వెళ్ళాం. వరండాలో పోస్టర్లు: ధాన్యం ఆరబెట్టే పద్ధతులు, నూనెలు, బిందు సేద్యం, ట్రాక్టరు. బావ మొదటి పోస్టరు దగ్గరే ఆగిపోయాడు. అటుగా వెళ్తున్న ఒక పరిశోధక విద్యార్థి ఏం కావాలని అడిగితే, నన్ను ముందుకు తోసి అడిగించాడు: జీడిగింజ ఆవిరి పట్టాక ఎంత తేమ ఉంటే పెంకు కొట్టినప్పుడు పప్పు విరక్కుండా వస్తుంది? జీడివాళ్ళకి ఇది బతుకు ప్రశ్న. పప్పుని పౌనుకి ఎన్ని తూగుతాయో దాన్నిబట్టి 180, 240, 320 అని రకాలు కడతారు. నిండుగా ఉన్న పప్పుకి ఒక ధర, విరిగిందానికి వేరే ధర. పెంకులోని జీడి నూనె తగిలి ఆడవాళ్ళ చేతులు కాలి నల్లబడతాయి. ఆ విద్యార్థి గోడకానుకుని అరగంట మాట్లాడాడు. తేమ ఎలా కొలుస్తారో, ఆవిరి ఒత్తిడి పెరిగితే పెంకుకి ఏమవుతుందో, కాగితం మీద గీతలు గీసి చూపించాడు. నేను తెలుగు చేస్తుంటే మధ్యలో పిల్ల నన్ను ఆపి, “అది కాదు పిన్నీ, ఆయనన్నది వేరే” అని తనే వాళ్ళ నాన్నకి చెప్పడం మొదలెట్టింది. చిన్నప్పట్నుంచి బట్టీల మధ్య పెరిగింది కదా, నాకన్నా దానికే అర్థమవుతోంది.

బ్రాంచి మార్చుకోవచ్చేమో అని రైల్లో ఆ విశాఖపట్నం ఆయన అన్న సలహా బావ జేబులో ఇంకా ఉంది. మొదటి ఏడు బాగా చదివితే కంప్యూటర్స్‌కి మారిపోవచ్చన్న ఆశతో చేర్పించేవాళ్ళు చాలామంది. కొన్ని ఐఐటీలు ఆ ఏర్పాటే ఎత్తేశాయి. ఉన్నచోట కూడా మారేవాళ్ళు కొద్దిమందే. మొదటి ఏడాదంతా ఈ చదువు నాది కాదనుకుంటూ గడిపిన పిల్లకి రెండో ఏడు దాని మీద ఇష్టం ఎక్కణ్ణించి వస్తుంది? బావతో ఈ సంగతి మాట్లాడాలని మాటలు కూడబెట్టుకున్నాను. ఆ వరండా తర్వాత ఆ అవసరం రాలేదు.

మధ్యాహ్నం టెక్ మార్కెట్‌లో సైకిలు కొన్నాం. పాతదా కొత్తదా అన్న దగ్గర తండ్రీకూతుళ్ళు వాదించుకున్నారు. పాతదే కొంది. పక్కన ఒక తల్లి కొడుకుతో చెప్తోంది, ప్యాకేజీ గురించి. ఏటా పేపర్లలో కోటి రూపాయల జీతాల వార్తలు వస్తాయి. అవి ఏ కొద్దిమందికో వచ్చేవి కాబట్టే వార్తలయ్యాయన్నది మొదటి రోజునే చెప్తే ఎవరికీ రుచించదు. నేనూ చెప్పలేదు, ఆమె నాకేమవుతుంది?

మూడింటికి పిల్ల, “మీరింక బయల్దేరండి, మాకు హాల్‌లో మీటింగుంది” అంది. జార్ఖండ్ అమ్మాయి సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. బావ కళ్ళు తుడుచుకోవడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు. ఏడుపులతో సాగనంపాలని నేను తెచ్చుకున్న చేతిరుమాలు సైకిలు సీటు తుడవడానికి పనికొచ్చింది.

స్టేషన్‌లో రైలు ఆలస్యం. బావ ఫోను తీసి కాశీబుగ్గలో తమ్ముడికి చేశాడు. గొంతులో దర్జా. “ఒరే, మనం ఉత్తినే బెంగపడినాం. ఇక్కడంతా మనోల్లేరా! ఆటోవోడు మనోడు, ఊరంతా తెలుగే మాటాడతన్నారు. జీడిపిక్కల మీద పరిశోధన చేస్తన్నారు, నాకు బొమ్మలు గీసి సూపించినారు. మన గుంట నాలుగేల్లలో వచ్చి ఫేక్టరీ పెట్టీసి నడిపేస్తాది. ఇంకేటి, ఒడ్డె—”

నా మొహం చూసి ఆగాడు. ఆగి, ఫోను చేత్తో మూసి, “మరేటి చెప్పమంటావు?” అన్నాడు. ఇంతలో మా రైలు వేరే ప్లాట్‌ఫాం మీదకి వస్తోందని మైకులో చెప్పారు. ట్రంకు, పరుపు లేవు కాబట్టి పరుగెత్తగలిగాం. బకెట్టు మాత్రం ఇంకా బావ చేతిలోనే ఉంది. గేటు బయట కొత్తది కొనుక్కున్నానని పిల్ల దాన్ని తిప్పి పంపేసింది.